దుప్పటి కప్పిన అద్దం

రండి, ఇంకాస్త దగ్గరకు జరగండి. ఆలిస్, నువ్వు నా మోకాలి దగ్గర కూర్చో. ఈ వారం కథలో నువ్వు కూడా ఉన్నావు. ఇది గొంతు తగ్గించి చెప్పవలసిన సంగతి. గట్టిగా చెబితే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకే ఒళ్లు జలదరిస్తుంది.

పోయిన వారం ఎక్కడ ఆగాం? న్యూ సెటిల్‌మెంట్‌లో మా పక్క రైల్వే క్వార్టరు ఎమిలీ, కాబోయే పెళ్లికొడుకు తెచ్చిచ్చిన ఫొటోల పుస్తకాన్ని పైట కింద దాచుకుని, వానలో తడుస్తూ మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. ఒక పేజీ తెరిచి నా ఒళ్లో పెట్టి, “పిన్నీ, ఈయన ఎవులు?” అంది. అక్కడ ఆపాను.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఎమిలీ మొగుడు సుందర్ రాజు గూడ్సు గార్డు. ఎనభై రెండులో టాటా స్టేషను అవతల అడవి లైన్లో అతని బండి పట్టాలు తప్పింది. తర్వాత ఇంకో రైలు చివర బ్రేక్‌వ్యాన్‌లో ఒక చెక్కపెట్టె వచ్చింది. అప్పటికే మేకులు కొట్టేసి ఉంది. దానితో పాటు వచ్చినవాడు విల్‌ఫ్రెడ్, టికెట్ కలెక్టరు, సుందర్ రాజుకి ప్రాణస్నేహితుడు. “మూత తియ్యొద్దు. చూడలేరు” అన్నాడు. మన క్రైస్తవుల్లో మట్టి చేసే ముందు అందరూ వరసగా వచ్చి ముఖం చూసుకుంటారు కదా. ఫొటోగ్రాఫరుని పిలిచి, పెట్టె చుట్టూ నిలబడి ఫొటో కూడా తీయించుకుంటారు. మూసిన పెట్టె చుట్టూ నిలబడి తీయించుకున్న ఫొటో మా క్వార్టర్ల లైన్ మొత్తానికి అదొక్కటే.

సుందర్ రాజు తల్లి అన్నమ్మ ఆరోజే ఒక మాట అంది. చావింట్లో అద్దానికి గుడ్డ కప్పుతాం, మట్టి అయ్యాక తీసేస్తాం. ఆవిడ తియ్యనివ్వలేదు. “నా కొడుకు ముకం నాను సూసుకోలేదు. సూసిందాకా ఈ అద్దంలో ఇంకెవులి ముకం కనబడకూడదు” అంది. అల్మారా తలుపుకి బిగించిన నిలువుటద్దం మీద ఆ చారల దుప్పటి ఏడేళ్లు అలాగే వేలాడింది. ఎమిలీ రోజూ మా ఇంటికొచ్చి జడ వేసుకునేది.

ఆ ఎమిలీకి ఎనభై తొమ్మిది వానాకాలంలో విల్‌ఫ్రెడ్‌తో పెళ్లి కుదిరింది. అన్నమ్మను కూడా తల్లిలాగా తనే చూసుకుంటానన్నాడు. చర్చిలో రెండు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పవలెనని పాస్టరుగారు అడుగుతారు చూడండి, అది. మూడోసారి కూడా ఎవరూ లేవకపోతే ఇక పెళ్లే. ఆ మూడో ఆదివారం రేపనగా, శనివారం మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది.

అసలు ఎమిలీ మనసు విల్‌ఫ్రెడ్ ఎలా గెలిచాడో తెలుసా? మిఠాయిలతో కాదు, చీరలతో కాదు. బొమ్మల పుస్తకాలతో. డ్యూటీ మీద కలకత్తా వెళ్లినప్పుడల్లా ఫుట్‌పాత్ మీద వెతికి ఒక పెద్ద పుస్తకం తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. టీ తాగమంటే “ఠీక్ హై, మళ్లీ వస్తా” అని వెళ్లిపోయేవాడు. పీటంత పుస్తకాలు. ఒకసారి ఏదో దేశం చర్చీల గోడల మీది బొమ్మలు, ఒకసారి మంచుకొండలు, ఒకసారి అన్నీ పక్షులే. ఎమిలీ సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, మంచం మీద తెల్ల దుప్పటి పరిచి దాని మీద తెరిచేది. ఎవరినీ పేజీ మూల పట్టి లాగనిచ్చేది కాదు. అరచెయ్యి కిందికి పోనిచ్చి, నిద్రపోయే పసిపిల్లను ఒత్తిగిలించినట్టు తిప్పాలి. కొన్ని బొమ్మల మీద ఉల్లిపొరలాంటి కాగితం ఉండేది. ఎమిలీ దాన్ని పైకెత్తేవరకూ గదిలో ఎవరూ మాట్లాడేవారు కాదు.

నేను రెండో తరగతితో ఆగిపోయినదాన్ని. అక్షరాల పుస్తకం ఎవరైనా చదివి పెడితేనే నాది. బొమ్మల పుస్తకానికి ఆ మొహమాటం లేదు. దొరసాని వంటింటి బొమ్మ చూసి, ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయో లేవో నేనే చెప్పేదాన్ని. చేపలమ్మే పోలమ్మ గంప దింపి మరీ తొంగి చూసి, “ఈ దొరసాని కూర మాడ్సేసినాదే, మూతి సూడండి!” అనేది. ఏ ఊరో తెలియదు, ఏ కాలమో తెలియదు, అయినా అందులోని గాలి మనకు తగిలేది. కాని ఒకటి. తెరిచిన పుస్తకాన్ని మంచం మీద వదిలేసి వంటింట్లోకి వెళ్తే, గదిలో ఎవరో కూర్చుని ఉన్నట్టు అనిపించేది. ఆ మాట అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం నా ఒళ్లో ఉన్నది రైల్వేస్టేషన్ల ఫొటోల పుస్తకం. ఎవరో దేశమంతా తిరిగి తీసినవి. రంగుల్లేవు, అంతా నలుపూ తెలుపూ. పైన ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా తెచ్చిచ్చాడు విల్‌ఫ్రెడ్. లోపల ఏముందో అతను కూడా చూడలేదన్నమాట. ఎమిలీ తెరిచిన పేజీ కింద మన ఊరి పేరు మాత్రం అచ్చయి ఉందట. ఏ సంవత్సరమో లేదట.

చలికాలం పొద్దు, ప్లాట్‌ఫాం నిండా పొగమంచు. బోర్డులు, గడియారం, అన్నిటినీ మంచు తినేసింది. మూటల మీద కూర్చున్న ఆడవాళ్లు, నిలబడ్డ ఆడవాళ్లు. వాళ్ల మధ్య బెంచీ మీద ఒక మగమనిషి. గడ్డం మాసి ఉంది. భుజాలు ముందుకు వాలి ఉన్నాయి.

“సుందర్ రాజే!” అన్నాను, ఆపుకోలేక.

“అలా అనకు పిన్నీ. సెయ్యి సూడు ముందు.”

చూశాను. సుందర్ రాజుకి ఎడమ చేతి చిటికెనవేలు సగం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పెట్టెల కప్లింగు మధ్య నలిగిపోయింది. బెంచీ మీది మనిషికి కూడా చిటికెనవేలు సగమే ఉంది. కాని కుడిచేతికి.

“కుడి సెయ్యి కదా పిన్నీ? మావారిది ఎడం. ఈయన ఏరే ఎవులో. అవునా కాదా?”

“అవునే పిల్లా. ఏరే మడిసే.”

ఇద్దరం ఒక్కసారి నవ్వాం. నేను లేచి టీ పెట్టాను. ఎమిలీ తల తుడుచుకుంటూ, “ఇల్‌ఫ్రెడ్‌కి సెప్తాను పిన్నీ. ఇలాటి దెయ్యాల పుస్తకాలు వొద్దు బాబూ, అందరిలాగ రసగుల్లాలు తే అని” అంది. ఆ నవ్వులో ఆ పిల్ల ముఖం చూస్తే నాకు ముచ్చటేసింది. ఏడేళ్లకు ఒక ఇల్లు మళ్లీ వెలిగేలా ఉంది.

అక్కడితో పుస్తకం మూసేసి ఉంటే బాగుండేది. కాని చూస్తున్న బొమ్మను మధ్యలో మూయడం నాకు ఎప్పుడూ చేతకాదు. టీ తాగుతూ, ఆ మనిషిని వదిలేసి చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూడటం మొదలుపెట్టాను. ఎవరి మూటలో ఏముంటుందో, ఎవరు పుట్టింటికి వెళ్తున్నారో పోల్చుకోవాలని. ఏదో తేడాగా ఉంది. నెమ్మదిగా కనిపించింది.

“ఎమిలీ, ఈళ్లంతా గుజరాతీలేటి?”

“ఏం?”

“పైటలు కుడి బుజం మీదున్నాయి.”

“ఉంటాయి. గోల్‌బజార్‌లో గుజరాతీ షాపుల ఆడోళ్లు అలాగే ఏస్తారు కదా.”

“ఆళ్లు ఎనకనుంచి ముందుకి తెచ్చి ఏస్తారే. ఈళ్లు మనలాగే ముందునుంచి ఎనక్కి ఏసినారు. ఈ ముసలామె సూడు. శంఖు గాజుల బెంగాలీ దీదీ, ఈమెని సూడు. ఒక్కరైనా ఎడం బుజం మీద ఎయ్యలేదు.”

ఎమిలీ తువ్వాలు పక్కన పెట్టింది. ఆ పిల్ల ఎంబ్రాయిడరీ బాగా చేసేది. గుడ్డ మీదికి అచ్చు దించేటప్పుడు కాగితం తిరగబడితే చిలకముక్కు ఇటుది అటు తిరుగుతుందని ఆమెకు నేను చెప్పక్కర్లేదు. చాలాసేపు పేజీ వైపు చూసింది.

“బొమ్మ తిరగేసి అచ్చేసినారు పిన్నీ.”

బొమ్మ తిరగబడితే కుడి ఎడమవుతుంది. పైటలు సరైన భుజం మీదికి వస్తాయి. వాటితో పాటు ఆ వేలు కూడా.

“అద్దంలో సూస్తే సరైపోద్ది” అన్నాను. గోడకున్న మా చిన్న అద్దం తీయబోయాను. ఎమిలీ నా చెయ్యి పట్టుకుంది.

“వొద్దు. మా ఇంటి అద్దంలో సూస్తాను. అత్తకి తెలీకుండా సూస్తే దొంగసూపవుద్ది.”

ఆలిస్, అప్పుడు నీకు నాలుగేళ్లు. నా కొంగు పట్టుకుని నువ్వూ వచ్చావు. వాళ్ల వరండాలో నిన్ను కూర్చోబెట్టి మేం లోపలికి వెళ్లాం. అన్నమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. కరెంటు లేదు. కిటికీలోంచి వాన వెలుతురు మాత్రం పడుతోంది.

“ఏటే పెళ్లికూతురా, వాన్లో తిరుగుతున్నావు? జలుబు సేసి రేపు సర్చిలో తుమ్మినావంటే, పాస్టరు అబ్యంతరం అనుకుంటాడు” అంది అన్నమ్మ.

ఎమిలీ నవ్వలేదు. “అత్తా, దుప్పటి తియ్యాలి.”

చేటలో చేతులు ఆగాయి. “పెళ్లికి అద్దం కావాలేటి? ఇల్‌ఫ్రెడ్ కొత్తది కొంటాడు. అది నాది.”

“పెళ్లికి కాదు.”

“ఆడి ముకం సూసినాకే తీస్తానన్నాను. సూసినానా?”

“సూపిస్తానత్తా. ఇప్పుడే.”

అన్నమ్మ నా వైపు తిరిగింది. “ఓలె రత్నం, దీనికేటైంది? నువ్వైనా సెప్పు.” చెప్పాను. పుస్తకం, పైటలు, వేలు, అంతా. ఆవిడ పుస్తకం వైపు కన్నెత్తలేదు. బియ్యం మధ్యలో ఒక్క రాయి కోసం వేలితో అటూ ఇటూ వెతుకుతూనే ఉంది.

“బొమ్మలో సూస్తే సూసినట్టేటి?” అంది చివరికి.

“మరి ఆరోజు మనం పెట్టెలో ఏటి సూసినాం అత్తా? మేకులు సూసినాం.”

ఆ మాటకు అన్నమ్మ లేచింది. వెళ్లి అల్మారాకు వీపు ఆనించి నిలబడింది. దుప్పటి ఆవిడ భుజాల వెనక ముడతలు పడింది.

“ఆడేనని తేలితే నీ పెళ్లాగిపోద్ది. ఎరికేనా నీకు?”

“ఎరికే.”

“ఆ బొమ్మ మూసెయ్యే. నాను సూడలేదు, రత్నం సూడలేదు. నువ్వు రేపు తెల్లసీర కట్టుకుని సర్చిలో కూకో. నాకూ ఒక ఇల్లుండాలి కదే ముసిల్దాన్ని. కాదనుకుందుం. మన ముగ్గురం కాదనుకుంటే కాదు.”

అన్నమ్మ నోట ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. కొడుకు ముఖం కోసం ఏడేళ్లు పట్టుబట్టిన మనిషి, ఆ ముఖం గుమ్మంలోకి వచ్చేసరికి భయపడింది.

ఎమిలీ గొంతు పెంచలేదు. “ఆయన కాకపోతే రేపు మూడోసారి సదివించుకుంటాను, దరిజాగా. ఆయనే అయితే ఏటి సెయ్యాలో తరవాత సూద్దుం. తెలీకుండా మటుకు ఆ పీఠం కాడ నిలబడను. మీరు తప్పుకోకపోతే పిన్ని వాళ్ల అద్దంలో సూస్తాను. మీరు సూడకుండానే అయిపోద్ది. ఇంకోసారి.”

‘ఇంకోసారి’ అన్న మాట అన్నమ్మకు తగిలింది. కళ్లు మూసుకుంది. తెరిచి, “ఆ దుప్పటి నానేసినాను. నానే తీస్తాను” అంది.

తీసింది. నాఫ్తలీన్ ఉండల వాసన, బూజు వాసన గుప్పుమన్నాయి. అద్దం అంచుల్లో పాదరసం లేచిపోయి నల్లటి మచ్చలు పడ్డాయి. మధ్యలో మాత్రం నిన్న తుడిచినట్టుంది. ఎమిలీ పుస్తకాన్ని రెండు చేతులతో గుండెల మీద తెరిచి పట్టుకుని అద్దానికి ఎదురుగా నిలబడింది. అన్నమ్మ ఒక పక్క, నేను ఒక పక్క.

అద్దంలో పైటలన్నీ ఎడమ భుజాల మీదికి వచ్చేశాయి. ఒక్క క్షణం ఆ ఆడవాళ్లంతా నేనెరిగిన ఊరివాళ్లలాగా అనిపించారు. బెంచీ మీది మనిషి ఎడమచెయ్యి ముందుకు చాచి ఉన్నాడు. సగం చిటికెనవేలు. పాపిడి ఉండవలసిన వైపే ఉంది. ఎడమ కనుబొమ మీది గాటు ఉండవలసిన చోటే ఉంది. పుస్తకంలో పోలికగా ఉన్న మనిషి అద్దంలో సుందర్ రాజు అయిపోయాడు. ఏడేళ్ల తర్వాత ఆ అద్దంలో మేం చూసిన మొదటి ముఖం అతనిదే.

అన్నమ్మ పుస్తకాన్ని ముట్టుకోలేదు. అద్దాన్ని ముట్టుకుంది. అతని చెంప దగ్గర వేళ్లు ఆనించి, “సిక్కిపోనాడు” అంది. “సెలికాలంలో ఒంటి మీద సొట్టరు కూడా లేదు నాయనకి.”

ఎమిలీ పుస్తకాన్ని అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరిపింది. అద్దంలో ప్లాట్‌ఫాం మీది మంచు కదిలినట్టుంది. “ఎప్పుడు తీసినారో లేదు పిన్నీ. ముందెప్పుడో తీసినది అయ్యుంటాది. ఆయన పోకముందు. అయ్యుంటాది కదా?”

అవునందామని నోరు తెరిచాను. అప్పుడే బొమ్మ అంచున నిలబడ్డ మనిషి మీద నా కళ్లు పడ్డాయి. ఒకావిడ, వెనకనుంచి. శాలువా కప్పుకుని, చంకలో పిల్లతో. వెనకనుంచి మనల్ని మనం ఎప్పుడు చూసుకుంటాం గనక? పుస్తకంలో ఆమె పిల్లను కుడిచంకన వేసుకుంది, అందుకే పట్టించుకోలేదు. అద్దంలో ఆ పిల్ల ఎడమ చంకలోకి వచ్చింది. తలకు మంకీ టోపీ. దానికి రెండు కుందేలు చెవులు.

ఆ చెవులు నేనే అల్లాను, ఆలిస్. మిగిలిపోయిన ఉన్నితో. అలాంటి టోపీ ఈ ఊళ్లో ఇంకెవరికీ లేదు. ఆ చంకలో పిల్లవి నువ్వు. ఆ వీపు నాది. పెట్టెను మట్టిలో పెట్టిన మూడేళ్లకు నా కడుపున పుట్టినదానివి నువ్వు.

నిన్ను తీసుకుని మా అక్క దగ్గరకు పలాస వెళ్లిన చలికాలం అది. నేను బండి వచ్చే వైపు చూస్తూ నిలబడ్డాను. నా వెనక, రెండు చేతుల దూరంలో, సుందర్ రాజు కూర్చుని ఉన్నాడు. నేను తిరగలేదు. నువ్వు నా భుజం మీదుగా అతని ముఖంలోకి సూటిగా చూస్తున్నావు. అతని చెయ్యి నీ వైపే చాచి ఉంది. వేళ్ల మధ్య ఏదో చిన్నది మెరుస్తోంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఎమిలీ పుస్తకం మూసి మంచం మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

“అయితే పెట్టెలో ఎవులు?” అంది. “ఏటేటా సమాదుల పండక్కి ఎవులికి కొవ్వొత్తి పెట్టినాం?” పుస్తకం అట్ట మీద అరచెయ్యి పెట్టి, “మూత తియ్యొద్దన్నది ఇల్‌ఫ్రెడే కదా అత్తా” అంది.

ఎమిలీ లేచి చెప్పులు వెతుక్కుంది. “పాస్టరుగారి కాడికెళ్తాను. రేపు సదవొద్దని సెప్తాను.”

“ఆగు” అంది అన్నమ్మ. అద్దం ముందునుంచి ఆవిడ ఇంకా కదల్లేదు. “సదవనీ. సచ్చినోడైతే రాడు. బతికున్నోడైతే ఆ మాట ఇని ఆడే వచ్చి, అందరి ముందు లేచి నిలబడి, అబ్యంతరం సెప్తాడు. అప్పుడు అడుగుతాను నాను, ఎక్కడున్నావురా అని.”

ఆ మాట పూర్తయిందో లేదో, వరండాలో ఈల మోగింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

ఎమిలీ చేతిలోంచి చెప్పు జారిపోయింది. డ్యూటీ దిగి సందు మొగలో అడుగుపెట్టగానే సుందర్ రాజు అలా ఊదేవాడు. పొయ్యి మీద టీ నీళ్లు పెట్టమని గుర్తు. లైన్‌లో అందరికీ తెలిసిన ఈలే. నిన్ను ఎత్తుకుని పలాస బండి ఎక్కిన రోజు నీ గుప్పిట్లో ఒక ఇత్తడి ఈల ఉంది. ఏ గార్డు జారవిడిచాడో, ఏ పెట్టెలో దొరికిందో అనుకుని దారం కట్టి నీ మెడలో వేశాను. మూడేళ్లుగా నీ మెడలోనే ఉంది. నువ్వు ఊదితే బుస్సుమనేదే తప్ప ఎన్నడూ సరిగా మోగలేదు.

వరండాలోకి పరిగెత్తాం. కాగితం పడవల మధ్య కూర్చుని, బుగ్గలు పూరించి నువ్వు మళ్లీ ఊదావు. అదే ఈల.

అన్నమ్మ నీ ఎదుట చతికిలపడింది. “ఓలమ్మా, ఎవులు నేర్పినారే నీకు ఇలా ఊదడం?”

“మావయ్య.”

“ఏ మావయ్య?”

“గేటు కాడ మావయ్య. సాక్లెట్ లేదన్నాడు. ఊదడం నేర్పినాడు.”

గేటు దగ్గర ఎవరూ లేరు. వాన వెలిసింది. మట్టిలో నీళ్లు నిలిచి ఉన్నాయి.

“ఎలాగుంటాడమ్మా ఆ మావయ్య?” అని అడిగింది ఎమిలీ. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నువ్వు నవ్వుతూ, నీ ఎడమచేతి చిటికెనవేలు సగానికి మడిచి చూపించావు.

“ఇంకేటన్నాడు?”

“రేపు సర్చి ఎన్నింటికని అడిగినాడు” అన్నావు. మళ్లీ పడవల వైపు తిరిగిపోయావు.

ఆలిస్, నీకు ఇదేమీ గుర్తులేదంటావు. నాలుగేళ్ల పిల్లవి, నిజమే. కాని ఆ ముఖాన్ని మేం చూసింది అద్దంలో. ఎదురుగా చూసినదానివి నువ్వొక్కదానివే, అది కూడా రెండుసార్లు. ఆ ఆదివారం చర్చిలో ఏం జరిగిందో వచ్చే వారం చెబుతాను. ఈలోపు ఎప్పుడైనా కళ్లు మూసుకుని ఆ గేటు దగ్గరకు వెళ్లి చూడు. ఎవరున్నారో గుర్తు తెచ్చుకో. నేను పోయాక ఈ కథ చెప్పవలసినదానివి నువ్వే. మిగతావాళ్లు కూడా మరిచిపోకండి, ఇంటికెళ్లి ఎవరికైనా చెప్పండి. పైట ఏ భుజం మీద ఉందో మాత్రం తప్పు చెప్పకండి. అది తప్పితే, ఆ బెంచీ మీద కూర్చున్నది వేరే ఎవరో అయిపోతారు.